కంట్రోలు గుడ్డ నుంచి గాలివాన చుడీదారు దాకా

మా నాన్నని "ఈ రకం చీరలు ఎప్పుడొచ్చాయి నాన్నా" అని అడిగితే ఒక్కసారి కూడా సినిమా పేరు చెప్పేవాడు కాదు. "చైనా యుద్ధం అయ్యాక" అనో, "సూరత్‌లో ప్లేగు వచ్చిన ఏడు" అనో, "గాలివానకి ముందు దసరాకి" అనో చెప్పేవాడు. బరంపురం పెద్దబజారులో మాది చిన్న బట్టల దుకాణం. తాతయ్య పెట్టాడు, నాన్న నడిపాడు, ఇప్పుడు తమ్ముడు కూర్చుంటున్నాడు. నేను 1966లో పుట్టాను. బడి నుంచి వచ్చి దుకాణంలో పరుపు మీద, తానుల మధ్య కూర్చుని లెక్కలు చేసుకుంటూ పెరిగిన దాన్ని కాబట్టి, ఆడవాళ్ళు చీర ఎంచేటప్పుడు పైకి ఏం మాట్లాడతారో, లోపల ఏం లెక్కేసుకుంటారో కొంచెం తెలుసు. ఫ్యాషన్లన్నీ హీరోయిన్లే తెచ్చారని ఎవరైనా అంటే నేను సగమే ఒప్పుకుంటాను. జాకెట్టు మెడ ఎంత లోతుండాలో సినిమా చెబుతుంది. కానీ ఆ జాకెట్టు ఏ గుడ్డతో కుట్టించాలో చెప్పేది మాత్రం ధరలు, కరువులు, ఇంట్లో మగవాడు ఏ ఊరికి వలస పోయాడన్న సంగతి.

బరంపురం అంటే ఒడిశా కదా, అక్కడ తెలుగువాళ్ళేంటి అని ఇప్పటికీ అడుగుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళం. ఒక గీత గీశారు, ఇచ్ఛాపురం అటు పడింది, మేం ఇటు పడ్డాం. చుట్టాలు మాత్రం రెండు పక్కలా ఉండిపోయారు. పట్టు నేసే కుటుంబాలు అంతకు ఎన్నో తరాల ముందే, మహురి రాజుల కాలంలో, గోదావరి వైపు నుంచి ఇక్కడికి వచ్చాయంటారు.

మా మామ్మ కథలన్నీ రంగం దగ్గర మొదలయ్యేవి. అదే, రంగూన్. గోపాల్‌పూర్ రేవు నుంచి స్టీమరెక్కి బర్మా వెళ్ళడం అప్పట్లో గంజాం, శ్రీకాకుళం వైపు మామూలే. మామ్మ వాళ్ళన్నయ్య అక్కడ బియ్యం మిల్లులో పని చేసేవాడు. ఆయన వచ్చినప్పుడల్లా పట్టు లుంగీలు, పల్చటి గుడ్డలు, గొడుగులు తెచ్చేవాడట. రంగం డబ్బు వచ్చే ఇంటి ఆడవాళ్ళని దూరం నుంచే గుర్తు పట్టొచ్చట, జాకెట్టుకి బుట్ట చేతులు ఉంటాయి కాబట్టి. మామ్మ పెళ్ళయిన కొత్తలో తీయించుకున్న ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. మనిషి సన్నగా ఉంటుంది, చేతులు మాత్రం రెండు గుమ్మడికాయల్లా ఉంటాయి. ఆ జాకెట్టంటే ఆవిడకి ఎంత గర్వమంటే, ఫోటోలో తాతయ్య కొంచెం వెనక్కి నిలబడాల్సి వచ్చింది.

1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు. తర్వాతి నెలల్లో లక్షల మంది మనవాళ్ళు అడవుల్లో, కొండల్లో పడి నడిచి వచ్చారు. దారిలోనే పోయినవాళ్ళు ఎందరో. మామ్మ వాళ్ళన్నయ్య బతికి వచ్చాడు, ఒంటి మీద ఉన్న బట్టతో. ఇంట్లో పెట్టెలో మిగిలిన పట్టు లుంగీలని మామ్మ ఒక్కొక్కటీ కత్తిరించి మా పెద్దత్తకి పరికిణీలు కుట్టించింది. వీధిలో మరో రెండు మూడు ఇళ్ళల్లో కూడా ఆడపిల్లలు గళ్ళ పట్టు పరికిణీల్లో తిరిగేవారట. చూసినవాళ్ళు అదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నారు. పక్క ఊరి నుంచి ఒకావిడ మా దుకాణానికి వచ్చి "ఆ రంగం గళ్ళ గుడ్డ ఇవ్వండి" అని అడిగిందట కూడా. తాతయ్య ఏం ఇస్తాడు పాపం.

యుద్ధం ముదిరాక అసలు గుడ్డే కరువైంది. మిల్లులు సైన్యానికి నేస్తున్నాయి, ధరలు మండిపోతున్నాయి. 1943లో ప్రభుత్వం బట్ట మీద, నూలు మీద కంట్రోలు పెట్టింది. తెల్లవారకముందే దుకాణం ముందు వరస కట్టేవారని, ఒక్కో చీర కోసం ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చేవారని తాతయ్య చెప్పేవాడు. కంట్రోలు గుడ్డ ముతక, పన్నా తక్కువ, రెండుసార్లు ఉతికితే అంచు మెలి తిరిగిపోయేది. మొదట పోయినవి బుట్ట చేతులు. వాటికి పట్టే గుడ్డతో పిల్లకి ఒక గౌను అయిపోతుంది మరి. చేతులు పొట్టిగా, ఒంటికి అతుక్కుని కుట్టడం మొదలైంది. నాలుగేళ్ళు పోయేసరికి ఆ పొట్టి చేతులే నాగరికం, బుట్ట చేతులు పాతకాలపు వాటం అయిపోయాయి!

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులోనూ ఇదే జరిగిందని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. 1941 జూన్ నుంచి అక్కడ బట్టలకి కూపన్లు. ఆ మరుసటి ఏడు గౌనుకి కుచ్చులు ఎన్ని, జేబులు ఎన్ని, గుండీలు ఎన్ని అని ప్రభుత్వమే నిబంధన పెట్టింది. అలా బిగదీసుకున్న ఆడవాళ్ళ ముందుకి 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో డియోర్ అనే ఆయన గజాల కొద్దీ గుడ్డతో గేరు గౌన్లు తెచ్చాడు. కొందరు మురిసిపోయారు, కొందరు వీధిలోనే తిట్టిపోశారు. మా మామ్మకి డియోర్ తెలీదు, పారిస్ తెలీదు. కంట్రోలు ఒకసారి ఎత్తేసి, ధరలు ఎగిరిపోతే మళ్ళీ పెట్టి, ఆఖరికి అదంతా సద్దుమణిగాక ఆవిడ చేసిన మొదటి పని మా చిన్నత్తకి బుట్ట చేతుల జాకెట్టు కుట్టించడం. చిన్నత్త ఏడ్చింది, తోటి పిల్లలు నవ్వుతారని.

మా అమ్మ పెళ్ళి 1964లో. ఆ పెళ్ళికి ముందే బంగారం మీద పిడుగు పడింది. చైనా యుద్ధం అయ్యాక జాతీయ రక్షణ నిధికి ఆడవాళ్ళు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు, అది ఇష్టపూర్వకంగా. 1963 జనవరిలో మాత్రం బంగారం నియంత్రణ వచ్చింది. మొరార్జీ దేశాయి అప్పుడు ఆర్థిక మంత్రి. 14 క్యారెట్లు మించిన నగ కొత్తగా చేయకూడదు. నగలు చేసి బతికేవాళ్ళు దేశమంతటా రోడ్డున పడ్డారు. 22 క్యారెట్లకి అలవాటు పడ్డ కళ్ళకి ఆ బంగారం రాగిలా కనిపించేది. అమ్మకి పెట్టిన రెండు పేటల గొలుసు ఆ రకమే. దాన్ని మా ఇంట్లో గొలుసు అనరు, "పద్నాలుగు" అంటారు. "పద్నాలుగు ఎక్కడ పెట్టావే?" "బీరువాలో ఉందత్తయ్యా." అత్తగారికి చిన్నతనం, కోడలికి కోపం. పేరంటానికి వెళ్తే పమిట కప్పుకుని కూర్చునేదాన్నని అమ్మ చెప్పేది. ఆ కాలంలోనే గిల్టు నగలు పెళ్ళిళ్ళలోకి ధైర్యంగా వచ్చేశాయి. బందరు పక్కన చిలకలపూడిలో చేసే గిల్టు సరుకు బరంపురం దాకా చేరింది. అసలుదే రాగిలా ఉంటే నకిలీది మెరుస్తోంది కదా, ఎవరు మాత్రం ఏం చేస్తారు.

1966లో ఆ 14 క్యారెట్ల నిబంధన తీసేశారు. అమ్మ మాత్రం పద్నాలుగుని కరిగించలేదు. ఇప్పుడు నా కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ 14 క్యారెట్ల చెవిపోగులు ఆన్‌లైన్లో తెప్పించుకుంటోంది, లైట్ వెయిట్ అట, ఆఫీసుకి బాగుంటాయట. పది గ్రాములు లక్ష దాటాక ఇంకేం పెట్టుకుంటారు. అమ్మమ్మ గొలుసు అడిగి మరీ పట్టుకెళ్ళింది, ఆ ఎర్ర ఛాయని రోజ్ గోల్డ్ అంటారని మాకు పాఠం చెప్పి.

ఇక నైలాన్ సంగతి. చేనేత పోయింది, నైలాన్ వచ్చి చంపేసింది అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ రాసేవాళ్ళలో ఎంతమంది వానాకాలంలో గంజి పెట్టిన నూలు చీర ఆరబెట్టారో నాకు అనుమానం. 1973 తర్వాత ధరలు పెరిగిపోయి దుకాణం మీద ఇల్లు గడవక అమ్మ తెలుగు బడిలో టీచరుగా చేరింది. ఉన్నవి నాలుగు నూలు చీరలు. ఒకటి ఉతకాలి, గంజి వార్చాలి, ఆరేయాలి, చాకలి ఇస్త్రీ పెట్టెలో నిప్పులు రాజేసేదాకా ఆగాలి. మా ఊళ్ళో ఆషాఢం, శ్రావణం అంటే గాలి కూడా తడిగానే ఉంటుంది. అప్పుడు నాన్న దుకాణంలోంచి లేత నీలం నైలెక్స్ చీర ఒకటి తెచ్చిచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి పిండి దండెం మీద వేస్తే తెల్లారేసరికి పొడిగా ఉండేది. అమ్మ ఆ చీరని ఎంత ప్రేమించిందో నేను కళ్ళారా చూశాను. గంట సేపు ఎక్కువ నిద్ర దొరికింది ఆవిడకి. ఆ గంట గురించి ఏ చేనేత వ్యాసంలోనూ ఉండదు.

దాని చెడ్డ కూడా చూశాం లెండి. కిరసనాయిలు స్టవ్ దగ్గర నైలాన్ కట్టుకుంటే ఏమవుతుందో మా వెనక వీధిలో ఒక చిన్న కోడలి విషయంలో తెలిసింది. ఆ తర్వాత అమ్మ ఇంటికి రాగానే పాత నూలు చీర మార్చుకుని గాని పొయ్యి దగ్గరికి వెళ్ళేది కాదు.

సూరత్ కథ దీని వెనకే వచ్చింది. గంజాం జిల్లా పల్లెల నుంచి మగవాళ్ళు సూరత్ పవర్‌లూమ్‌లకి వెళ్ళడం నా చిన్నప్పటికే ఉంది, నేను కాలేజీకొచ్చేసరికి మగవాడు సూరత్‌లో లేని ఇల్లు చాలా ఊళ్ళల్లో వెతుక్కోవాల్సిందే. ఒకప్పుడు రంగం, ఇప్పుడు సూరత్, అంతే. 1985లో కేంద్రం కొత్త జౌళి విధానం తెచ్చి సింథటిక్ నూలుకి దారి తెరిచాక ఆ చీరలు ఇంకా చవకైపోయాయి. పన్నెండు గంటల షిఫ్టులు, ఒక గదిలో వంతుల వారీగా పడుకోవడం, చెవులు చిల్లులు పడే మోత. సెలవుకి వచ్చినప్పుడు మాత్రం ఒక్కొక్కడి సంచిలో పది చీరలు. రెండేళ్ళకోసారి జరిగే మా ఊరి అమ్మవారి ఠాకురాణీ జాతరకి ఊరంతా సూరత్ రంగులే. ముదురు గులాబీ, చిలకపచ్చ, నెమలికంఠం మీద పెద్ద పెద్ద పూలు.

అందులో సగం డ్యామేజి చీరలు. ఎక్కడో అచ్చు జరిగి ఉంటుంది, లేదా ఒక జానెడు మేర పువ్వు పడి ఉండదు. మిల్లు దగ్గర వాటిని చవగ్గా ఇచ్చేసేవారు. మా వీధి చివర ఒకావిడ ఉండేది, భర్త సూరత్‌లో, నేను అప్పా అని పిలిచేదాన్ని. డ్యామేజి ఎక్కడుందో చూసి, కట్టేటప్పుడు ఆ భాగం సరిగ్గా కుచ్చిళ్ళ లోపలికి వెళ్ళేలా చుట్టేది. ఒక చీరకి డ్యామేజి పమిట వైపు వచ్చింది. ఇక దాచడం కుదరక ఆవిడ పమిటని ముందు నుంచి కాకుండా కుడి భుజం మీదుగా, గుజరాతీ ఆడవాళ్ళ లాగా వేసుకుని జాతరకి వచ్చింది. "ఏంటప్పా ఇది?" అంటే "మీ బావ చెప్పారే, సూరత్‌లో అందరూ ఇలాగే వేసుకుంటారట" అంది, మొహంలో ఏ మాత్రం తేడా లేకుండా. ఆ నెలలోనే మా పక్కింటి పిల్లలు ఇద్దరు ఫంక్షన్‌కి అలా వేసుకున్నారు.

మా దుకాణానికి మాత్రం ఇది చావుదెబ్బ. ఇంటికి చీరలు వస్తుంటే దుకాణానికి ఎవరొస్తారు? నాన్న ఒక ఏడాది పాటు గల్లా ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. దారి చూపించింది మళ్ళీ కొనేవాళ్ళే. సూరత్ చీరకి జాకెట్టు గుడ్డ రాదు. అంతకు ముందు మా వైపు ఆడవాళ్ళకి తెల్లది ఒకటి, నల్లది ఒకటి, ఎర్రది ఒకటి ఉంటే చాలు, ఏ చీర మీదికైనా అవే. చీరలు చవకై సంఖ్య పెరిగేసరికి "దీనికి సరిపోయే రంగు ఇవ్వండి" అని చీర చేత్తో పట్టుకుని రావడం మొదలైంది. నాన్న చీరలు తగ్గించి టూ బై టూ జాకెట్టు ముక్కలు, లంగా గుడ్డ, ఫాల్స్ తెచ్చి నింపాడు. గుమ్మం మీద "మ్యాచింగ్" అని ఒడియాలో, తెలుగులో రాయించాడు. ఒక్క ఆకుపచ్చలోనే గోడ నిండా రంగులు. వాటిని పగటి వెలుతురులో చూడాలని ఆడవాళ్ళు ముక్క పట్టుకుని వీధిలోకి వెళ్ళేవారు, నాన్న లోపలి నుంచి ఓ కన్నేసి ఉంచేవాడు.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు. దొరికిన రైలెక్కి మగవాళ్ళు తిరిగి వచ్చేశారు, సంచుల్లో చీరలు లేకుండా. వాళ్ళని చూసి దగ్గరికి రావడానికి జనం భయపడ్డారు. ఆ దసరాకి మేం అమ్మినదల్లా లంగా గుడ్డే. తల్లుల పాత చీరలు చింపి పిల్లలకి ఓణీలు చేస్తే, కింద కట్టుకోవడానికి లంగా మాత్రం కొనాలి కదా.

గాలివాన గురించి మాత్రం కొంచెం ఎక్కువే చెప్పాలి. 1999లో ఒడిశా అంటే అందరికీ అక్టోబరు 29 సూపర్ సైక్లోనే గుర్తుంటుంది. మాకు దానికి పన్నెండు రోజుల ముందు, 17న, గోపాల్‌పూర్ దగ్గర ఇంకోటి తీరం దాటింది. బరంపురం మొత్తం చీకట్లో పడింది. తీరం వెంబడి ఉన్న జాలరి పేటల్లో చాలావరకు తెలుగు మాట్లాడేవాళ్ళే. గుడిసెలు ఎగిరిపోయాయి, పెట్టెలు కొట్టుకుపోయాయి. అప్పటికి నేను కూడా టీచర్నే. కొన్ని వారాలకి పాత బట్టల మూటలు రావడం మొదలైంది, ఎక్కడెక్కడి నుంచో. ఒక పేట బడి వరండాలో మేం నలుగురు ఆడవాళ్ళం కూర్చుని వాటిని విడదీశాం.

చీరలుంటాయని అనుకుంటే ఉన్నవి చాలా తక్కువ. నగరాల వాళ్ళు పంపింది ఏంటంటే పంజాబీ డ్రెస్సులు, నైటీలు, స్కర్టులు, మగవాళ్ళ ప్యాంట్లు, చిన్నపిల్లల ఊలు స్వెట్టర్లు. కొన్నిటికి చున్నీ లేదు, కొన్నిటికి చున్నీ ఒక్కటే ఉంది. ఆ పేటలో అప్పటిదాకా పంజాబీ డ్రెస్సు వేసుకున్న పిల్ల లేదు, వేసుకుంటే ఊరు నోరు మూసుకునేది కాదు. పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్ల ఒకతి పసుపు రంగు ప్యాంటు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి "దీని బొందు ముందు కట్టాలా ఎనక్కి కట్టాలా టీచరమ్మా" అని అడిగింది. ముందుకే అని చెప్పాను. తడిక వెనక్కి వెళ్ళి వేసుకొచ్చింది. వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడు. ఒకసారి చూశాడు, ఏమీ అనకుండా తల తిప్పుకున్నాడు. ఒంటి మీద ఉన్న ఒక్క పరికిణీ వారం నుంచి తడిసి ఆరుతున్న పిల్లని ఎవరేం అంటారు?

ఒక ముసలావిడకి నైటీ వచ్చింది. విప్పి చూసి నా మీద లేచింది. "ఈ వయసులో నన్ను గౌనేసుకోమంటావేటే, నీకు బుద్ధుందా?" చీర దొరికితే తెచ్చిస్తానని చెప్పి, అప్పటిదాకా దాచుకో మామ్మా అని ఆవిడ చేతిలోనే పెట్టేశాను. చలికాలం వెళ్ళిపోతుండగా మళ్ళీ ఆ పేటకి వెళ్తే, నైటీ మీద తువ్వాలు కప్పుకుని చేపల గంప ఎత్తుకుంటూ ఎదురైంది. నేను నవ్వితే తనూ నవ్వింది. "బానే ఉందమ్మా, గాలాడతంది" అంది.

మరుసటి ఏడు ఆ పేట నుంచే ఆడపిల్లలు మా దుకాణానికి వచ్చి పంజాబీ డ్రెస్సు గుడ్డ అడిగారు. "గాలివానలో వచ్చిందే, అలాంటి మోడలు" అని గుర్తు చెప్పేవారు. నాన్న కట్ పీసుల బీరువా ఒకటి వేరే పెట్టాడు. అంతకు ముందు పదేళ్ళుగా టీవీలో, సినిమాల్లో ఎన్ని చుడీదార్లు చూసినా ఆ పేటలోకి రానిది, తడిసిన మూటల్లో వచ్చేసింది. వద్దనే నోళ్ళు ఆ ఒక్క నెలా మూతపడ్డాయి, అంతే. తర్వాత అనడానికి లేకుండా పోయింది. సైకిల్ తొక్కుతూ హైస్కూలుకి వెళ్ళే పిల్లలు ఆ డ్రెస్సుల్లోనే వెళ్ళారు. ఈ లెక్కన గాలివాన మంచే చేసిందని అనను, ఆ పేటలో ఎవరెవరు పోయారో నాకు తెలుసు.

పట్టు నేసే వీధుల సంగతి రాయాలంటే మనసొప్పదు. మగ్గాలు తగ్గాయి. నాకు తెలిసిన ఒక ఇంట్లో తండ్రి పట్టు చీర మీద గుడి గోపురాల్లా ఉండే కుంభం అంచు నేస్తే, కొడుకు సూరత్‌లో పాలిస్టర్ మగ్గాలు చూసుకునేవాడు. ఆ తండ్రి నేసిన చీర వాళ్ళ కోడలు ఎప్పుడూ కట్టలేదు. కొనుక్కోగలిగినవాళ్ళు కట్టారు.

2020 మే 3న, లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైలు సూరత్ నుంచి గంజాంలో జగన్నాథపూర్ స్టేషన్‌కి వచ్చింది, తర్వాత ఇంకెన్నో. మళ్ళీ ఖాళీ సంచులు. ఆ నెలల్లో ఒడిశా అంతటా మహిళా సంఘాల వాళ్ళు మాస్కులు కుట్టారు. కొన్నాళ్ళకి మా తమ్ముడి దుకాణానికి జాకెట్టు కొలతతో పాటు "అదే గుడ్డలో ఒక మాస్కు కూడా" అని అడగడం మొదలైంది. పెళ్ళికూతుళ్ళకి జరీ అంచు మాస్కులు కూడా వెళ్ళాయి మా దుకాణం నుంచి.

నేను అప్పా అని పిలిచే ఆవిడ కొడుకు కూడా ఆ రైళ్ళలోనే వచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. రెండు మెషీన్లు కొని భార్యతో కలిసి నైటీలు కుడుతున్నాడు, గుడ్డ మాత్రం సూరత్ నుంచే తెప్పిస్తాడు. ఈ మధ్య నైటీకి పక్క జేబు పెట్టడం మొదలుపెట్టారు, సెల్‌ఫోన్ పెట్టుకోవడానికట, ఆ ఆలోచన భార్యది. జేబు ఉన్నదానికి ఇరవై రూపాయలు ఎక్కువ. జేబు లేనివి ఇప్పుడు ఎవరూ తీసుకోవడం లేదని తమ్ముడు అంటున్నాడు.